‘భయాన్ని జయించాడు’ సరే, ఎన్నో పేజీలో?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల సాహస నవల మీద సమీక్ష ఏది చదివినా చివర్లో ఒక వాక్యం తగులుతుంది: ‘కథానాయకుడు తన భయాన్ని జయిస్తాడు.’ అట్ట వెనకా అదే మాట, ప్రకటనలోనూ అదే మాట. సమీక్షలో ఒక్క వాక్యంగా ఉంటే మాకేం అభ్యంతరం లేదు. చాలాసార్లు నవల లోపల కూడా అది ఒక్క వాక్యంగానే ఉంటోంది, మా గొడవంతా అక్కడే. వంద పేజీల పాటు నీళ్లంటే ఒళ్లు బిగుసుకుపోయిన పిల్ల, తమ్ముడు ప్రమాదంలో పడగానే ‘ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం’ అంటూ వరదలోకి దూకేస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవాళ్లకైనా తెలియాలి కదా! వాళ్లూ చెప్పలేకపోతే చదివే పిల్ల ఒకటే అనుకుంటుంది: ధైర్యం కొందరికి దానంతటదే వస్తుంది, నాకు మాత్రం రాలేదు.

పిల్లల పుస్తకాలు దిద్దే పనిలో ఉన్నవాళ్లం. మీ పిల్లల పేజీకి సీరియల్ రాయాలనుకునేవాళ్లకు పనికొస్తుందేమోనని కాస్త వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పెద్దదైతే మీ కత్తెర మీ ఇష్టం.

భయం ఎలా తగ్గుతుందన్నది వందేళ్లుగా తెలిసిన విషయమే. మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1924లో పీటర్ అనే పిల్లవాడి కేసు ప్రచురించారు. మొదలుపెట్టేనాటికి వాడికి మూడేళ్లు నిండలేదు. కుందేలన్నా, తెల్ల ఎలుకన్నా, ఈకలన్నా, ఆఖరికి దూదన్నా భయమే. ముందు వాణ్ని కుందేలంటే భయం లేని ముగ్గురు పిల్లలతో కలిపి ఆడించారు, ఆ గదిలో కుందేలూ ఉండేది. కొంత దారికొచ్చాడు. ఇంతలో స్కార్లెట్ ఫీవర్ అనే అంటుజ్వరం వచ్చి ఆసుపత్రి పాలయ్యాడు. అక్కణ్నుంచి బయటికొస్తుంటే ఒక పెద్ద కుక్క మీదికి ఎగబడింది. ఇంకేముంది, కథ మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు ఆవిడ దారి మార్చారు. వాడికి ఇష్టమైన తిండి పెట్టి, తింటున్నంతసేపూ బోనులోని కుందేల్ని వాడు ఓర్చుకోగలిగినంత దూరంలో ఉంచి, ఒక్కో పూట కాస్త కాస్త దగ్గరికి జరుపుతూ వచ్చారు.

వాడి ప్రగతిని ఆవిడ 17 మెట్లుగా రాసిపెట్టారు. గదిలో ఏ మూల కుందేలున్నా హడలిపోవడం మొదటిది. బోను 12 అడుగుల దూరంలో ఉంటే ఊరుకోవడం, తర్వాత 4 అడుగులు, 3 అడుగులు, అలా అలా చివరి మెట్టు కుందేలు తన వేళ్లు కొరుకుతుంటే కదలకుండా ఉండటం. ఈ వరసలో నడిమధ్యన ఒక మెట్టుంది, నవల రాసేవాళ్లు దాన్ని కాగితం మీద రాసి గోడకి అంటించుకోవచ్చు: కుందేలు మీద ఉమ్మడం, దాని మీదికి వస్తువులు విసరడం, దాన్ని అనుకరిస్తూ వెక్కిరించడం. భయం తగ్గుతున్న పిల్లలు నేరుగా ప్రేమగా నిమరడానికి పోరు, ముందు పొగరు చూపిస్తారు. మన సాహస నవలల్లో ఈ పొగరు ఎప్పుడో గాని కనిపించదు. కనిపించినా పక్కనున్న పెద్దమనిషి పాత్ర ‘అలా చెయ్యకూడదమ్మా’ అని నీతి చెప్పి దాన్ని చంపేస్తుంది.

ఒక్కసారి ఆ కేసునే నవలగా చూడండి. మొదటి ఉపాయం సగం ఫలించడం, బయటి దెబ్బ, పూర్తిగా వెనక్కి పడటం, రెండో ఉపాయం, మెల్లగా ఎక్కడం, చివర వేళ్లు కొరికించుకోవడం. కథకు కావలసిన ఎముకలన్నీ అందులోనే ఉన్నాయి.

పుస్తకం చదివితే భయం తగ్గుతుందా అని అడిగేవాళ్లకు మా దగ్గర సూటి జవాబు లేదు గానీ, దగ్గరి ఆధారాలు రెండున్నాయి. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా, ఆయన సహచరులు 1967లో కుక్కలంటే భయపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు, తమ వయసు పిల్లవాడొకడు కుక్కకు మెల్లమెల్లగా దగ్గరవడం చూపించారు. నాలుగు రోజుల్లో ఎనిమిది చిన్న విడతలు, అంతే. చూసిన పిల్లల్లో చాలామంది తర్వాత కుక్క దగ్గరికి వెళ్లగలిగారు. అంటే ఎదుటివాళ్లు మెట్టు మెట్టు ఎక్కడం చూసినా పని జరుగుతుంది. రెండోది నవలకు ఇంకా పనికొచ్చేది. డొనాల్డ్ మైకెన్‌బామ్ అనే మరో మనస్తత్వవేత్త 1971లో పాములంటే భయం ఉన్నవాళ్లకు రెండు రకాల మనుషుల్ని చూపించాడు. ఒకరు మొదటినుంచీ బెదురు లేకుండా పామును పట్టుకునేవాళ్లు. రెండోవాళ్లు ముందు తడబడి, భయం పైకే చూపించి, తమకు తాము చెప్పుకుంటూ నిలదొక్కుకునేవాళ్లు. చూసేవాళ్లకు ఎక్కువ మేలు చేసింది ఈ తడబడ్డవాళ్లే. కాబట్టి పులిపిల్లలాంటి కథానాయకుణ్ని పెట్టినవాళ్లు మంచి వినోదం ఇస్తే ఇవ్వొచ్చు. భయం గురించిన నవల అని మాత్రం అట్ట మీద వేసుకోకూడదు.

ఇక పనిలోకి దిగుదాం. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రాసే నవలకు 20 అధ్యాయాలు, అధ్యాయానికి వెయ్యి నుంచి పన్నెండు వందల మాటలు సరిపోతాయి. గట్టిగా చదివితే పది పన్నెండు నిమిషాల్లో ఒక అధ్యాయం అవుతుంది. 14 పాయింట్ల అక్షరంతో, బొమ్మలతో 128 పేజీలు, అంటే పదహారు పేజీల అచ్చు ఫారాలు (ఒక పెద్ద కాగితం మడిస్తే వచ్చే పేజీల కట్టలు) ఎనిమిది. ఇంతకంటే సాగదీస్తే మధ్యలో దొంగలూ నిధులూ పెరుగుతాయి గానీ భయం కథ పెరగదు.

చీకటంటే భయపడే పదేళ్ల వెన్నెల, ఒక గుహ, గోపి అనే స్నేహితుడు ఉన్నారనుకుందాం. రచయిత ముందు మెట్లు గీసుకోవాలి. పగటిపూట గుహ నోటి దగ్గర నిలబడి లోపలికి గులకరాయి విసిరి ఎంతసేపు దొర్లిందో వినడం. వెలుతురు పడే మేర పది అడుగులు, గోడకు చెయ్యి ఆనించి. గుహ నోరు ఇంకా కనిపించే మలుపు దాకా, లైటు గోపి చేతిలో. మలుపు దాటి, లైటు తన చేతిలో. గోపి పక్కన కూర్చుని లైటు ఆర్పి ఇరవై అంకెలు. తర్వాత వంద అంకెలు. తర్వాత మలుపు దాకా ఒక్కతే. ఒక్కో మెట్టులో ప్రధానంగా ఒక్కటే మారాలి: దూరమో, వెలుతురో, తోడో, సమయమో. రెండు మూడు ఒకేసారి మారిస్తే చదివే పిల్ల ‘ఇదెలా అయింది?’ అని ఆగిపోతుంది, ఆమె అనుమానం సరైనదే. ఈ ఏడు మెట్లనూ రెండో అధ్యాయం నుంచి పదిహేనో అధ్యాయం దాకా పరిచి, మధ్యమధ్య అసలు కథ నడిపించుకోవచ్చు.

ఆరో మెట్టు దగ్గర ఆమె తప్పాలి. అరవై దాకా లెక్కపెట్టాక పైనుంచి నీటిచుక్క మెడ మీద పడుతుంది, పరుగో పరుగు. ఈ ఓటమి అలంకారానికి పెట్టేది కాదు. భయం పైకెక్కి ఒక స్థాయికి చేరాక, అక్కడే ఉంటే కొన్ని నిమిషాల్లో దిగడం మొదలుపెడుతుంది. శిఖరం మీద ఉండగా పారిపోతే వెంటనే హాయిగా ఉంటుంది, ఆ హాయే ‘పారిపోవడం మంచిపని’ అని నేర్పుతుంది. మరుసటిసారి గుహ నోటి దగ్గరే కాళ్లు మొరాయిస్తాయి. ఈ కీలు తెలిసిన రచయిత పదమూడో అధ్యాయాన్ని ఊరికే నింపక్కర్లేదు, అదే రాసుకుపోతుంది. వెన్నెల మళ్లీ మూడో మెట్టుకు దిగి మొదలుపెట్టాలి. మళ్లీ కూర్చున్నప్పుడు దడ తగ్గేదాకా లేవకపోవడం ఒక్కసారైనా మనం చూడాలి.

అప్పుడు పతాక సన్నివేశంలో కొత్త ధైర్యం పుట్టించాల్సిన పనే లేదు. లైటు నీళ్లలో పడిపోయింది, గోపి కాలు మడతపడింది, బయటికి తీసుకురావాలి. ఆమె చేసేవన్నీ మనం ఇంతకుముందు చూసినవే అయి ఉండాలి: గోడకు చెయ్యి, అంకెలు, విసిరిన గులకరాయి ఎటు దొర్లిందో వినడం. పదహారో అధ్యాయం తర్వాత ఒక్క కొత్త నేర్పు కనిపించినా ఎడిటర్ దాన్ని ఎర్ర సిరాతో చుట్టాలి.

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. మామూలుగా వచ్చే రాత ఇలా ఉంటుంది: ‘చీకటిని చూసి వెన్నెల చాలా భయపడింది. కానీ గుండె నిబ్బరం చేసుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి భయం పోయింది.’ మూడు వాక్యాలయ్యాయి, ఏమీ జరగలేదు. అదే చోటును ఇలా రాసి చూడండి:

‘లైటు ఆరింది. ఒకటి, అంది వెన్నెల. కళ్లు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో తెలియక రెప్పలు తాకి చూసుకుంది. తెరిచే ఉన్నాయి. రెండు. నాలుక అంగిటికి అతుక్కుంది. మూడు అనబోతే గాలి మాత్రం వచ్చింది. పక్కన గోపి ముక్కు ఎగబీల్చాడు. వాడి జలుబు అంత బాగుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. నాలుగు.’

ఇందులో భయం అన్న మాట లేదు. ఒంట్లో జరిగేది రాస్తే చాలు. మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం ప్రమాదఘంట మోగించగానే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం చర్మం నుంచీ కడుపు నుంచీ కండరాల వైపు మళ్లుతుంది. చేతులు చల్లబడటం, కడుపులో తిప్పినట్టుండటం, నోరెండటం అందుకే. కాళ్లు వణకడం ప్రమాదం గడిచాక కూడా కొంతసేపు ఉంటుంది. నవలల్లో బయటపడ్డ వెంటనే అందరూ నవ్వుకుంటూ ఇంటికి నడిచేస్తారు. బయటికొచ్చాక గట్టున కూర్చుని మోకాళ్లు ఆగక రెండు చేతులతో పట్టుకున్న పిల్లను ఒక్క పేరాలో చూపించినా, అలా వణికే అలవాటున్న పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అన్నట్టు, ఊపిరి గురించి రాస్తే సరిగ్గా రాయాలి. ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అన్నది సగం సలహా. గుండె నెమ్మదించేది ఊపిరి వదిలేటప్పుడు. నాలుగు అంకెల సేపు పీల్చి ఆరు అంకెల సేపు వదలమని గోపి చేత చెప్పించవచ్చు.

మాటల విషయంలో మన భాష దగ్గర ఉన్న సరుకును మనమే వాడుకోవడం లేదు. బెరుకు కొత్తచోటుది. జంకు చెయ్యాలా వద్దా అన్న గడప మీద వచ్చేది. బెదురు ఉన్నట్టుండి పుట్టేది. గుబులు ఏమవుతుందో తెలియనప్పుడు లోపల తిరిగేది. దడ ఛాతీలో ఉంటుంది, హడలు మనిషి మొత్తాన్ని పట్టుకుంటుంది. జడుసుకున్నదైతే అయిపోయాక కూడా వదలదు, జ్వరంగా కూడా వస్తుందంటారు. వెన్నెల కథ హడలుతో మొదలై దడకు, జంకుకు, బెరుకుకు దిగుతుంది. అన్నిచోట్లా ‘భయం’ అని రాస్తే ఆ దిగడం పాఠకుడికి కనబడే దారే ఉండదు.

ఇక చెడగొట్టేవి. ‘నీళ్లలో తోసేస్తే ఈత అదే వస్తుంది’ అన్న నమ్మకం మీద నడిచే మామయ్య పాత్ర అందరికీ తెలిసిందే. నిజానికి అలా తోసిన పిల్లకు నీళ్ల భయం అలాగే ఉండి, తోసిన మనిషంటే భయం అదనంగా చేరే అవకాశమే ఎక్కువ. మెట్లు పనిచేసేది ఎక్కడ ఆగాలో పిల్ల చేతిలో ఉన్నప్పుడే. అటువంటి మామయ్యను పెట్టండి, కథకు బలమే, కానీ ఆయన పద్ధతి ఫలించినట్టు రాయకండి. తాయెత్తు, మంత్రపు రాయి, తాతగారి కత్తి ఇంకో రకం. అది చేతిలో ఉన్నంతసేపూ ధైర్యమంతా దాని లెక్కలోకే పోతుంది. పెట్టాలనుకుంటే పన్నెండో అధ్యాయంలోనే పోగొట్టేయండి. చివర్లో ‘అందులో ఏ మహిమా లేదు, ధైర్యం నీలోనే ఉంది’ అని తాతయ్య చెప్పే సన్నివేశం ఎంత అరిగిపోయిందంటే పిల్లలు దాన్ని ముప్ఫై పేజీల ముందే పసిగడతారు.

ప్రతి భయానికీ వెనక ఒక దుర్ఘటన పెట్టడం కూడా మానుకోవాలి. చీకటి భయం చిన్నపిల్లల్లో ఏ కారణమూ అక్కర్లేకుండానే కనిపించేది. కొందరిలో పదేళ్లకూ మిగిలే ఉంటుంది. వెన్నెలకు అమ్మ చీకట్లో తప్పిపోయిందని కల్పిస్తే, అమ్మ ఇంట్లోనే ఉండీ చీకటికి భయపడే పిల్లలకు ‘మరి నాకెందుకు?’ అన్న సిగ్గు మిగులుతుంది.

అలాగే భయం పూర్తిగా చెరిగిపోయిందని రాయకండి. తగ్గిన భయం కొంత కాలానికి తనంతట తాను తిరిగి తలెత్తుతుందని, కొత్త చోట్లో అయితే మరీ సులువుగా వస్తుందని కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ కాలం నుంచీ జరిగిన ప్రయోగాలు చూపిస్తూనే ఉన్నాయి. గుహలో కుదురుకున్న వెన్నెలకు కొత్త ఇంట్లో కరెంటు పోయిన రాత్రి గుండె గుభేలుమంటే అది ఓటమి కింద లెక్క కాదు. ఆమె గోడ కోసం చెయ్యి చాపితే ఆఖరి అధ్యాయం దొరికినట్టే.

సాహసం పేరుతో ప్రాణాంతకమైనవి నేర్పడం మరో తప్పు, దీని మీద మేం కాస్త కఠినంగానే ఉంటాం. మునుగుతున్నవాళ్లు అందినదాన్ని గట్టిగా వాటేసుకుంటారు, దూకిన పిల్లనూ ముంచేస్తారు. కేకేసి పెద్దల్ని పిలవడం, గట్టు మీద పడుకుని కర్ర అందించడం, తాడో తేలే వస్తువో విసరడం రాయండి, ఉత్కంఠేం తగ్గదు. పాముకాటును నోటితో పీల్చే దృశ్యం ఇంకా రాస్తున్నవాళ్లుంటే దయచేసి ఆపాలి. కాటు పడ్డ మనిషిని కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చడమే చెయ్యాల్సింది. పొగ నిండిన గదిలో నిలబడి పరుగెత్తరు, నేలకు దగ్గరగా పాకుతారు. గుహల్లోకి వెళ్లే అలవాటున్నవాళ్లు మనిషికి మూడు వేర్వేరు లైట్లు పెట్టుకుంటారు, ఒంటరిగా పోరు, ఎన్నింటికి తిరిగొస్తారో బయటివాళ్లకు చెప్పి వెళతారు. పైన మేం గీసిన ఏడో మెట్టు ‘మలుపు దాకా ఒక్కతే’ అన్నప్పుడు కూడా గుహ నోటి దగ్గర పెద్దవాళ్లొకరు కూర్చుని ఉండాలి, వెన్నెల దగ్గర ఇంకో రెండు లైట్లుండాలి. పతాక సన్నివేశంలో ఆ రెండూ ఎలా పనికిరాకుండా పోయాయో రాయడమే ప్లాటు.

‘కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి’ అన్న వాక్యం గుహ కథల్లో తరచుగా వస్తుంది. కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, అదీ ఎంతో కొంత వెలుతురు ఉంటేనే. లోపలి గదిలో రేణువంత వెలుతురు కూడా ఉండదు. గంట కూర్చున్నా ముఖం ముందు చెయ్యి కనిపించదు. ఈ నిజం ఆ తప్పు కంటే ఎంత ఎక్కువ భయపెడుతుందో, ఎంత బాగా కథకు పనికొస్తుందో వేరే చెప్పాలా?

అధ్యాయం ఎక్కడ ఆపాలన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే ఈ పుస్తకాలు ఎక్కువగా పడుకునే ముందు చదువుతారు. గోళ్లు గీకిన శబ్దం దగ్గర ఆపితే పిల్ల ఆ గోళ్లతోనే నిద్రపోవాలి. ‘వెళ్లాలా, ఆగాలా?’ అన్న నిర్ణయం దగ్గర ఆపితే రేపటికోసం అంతే ఆత్రంగా ఎదురుచూస్తుంది, పక్కమీద ఆలోచించుకోవడానికి ఒక పనీ దొరుకుతుంది. బొమ్మలు వేసేవాళ్లకూ ఒక మాట: భయపెట్టేదాన్ని మొత్తంగా చూపించకండి, చూస్తున్న పిల్ల ముఖం చూపించండి.

వారానికి ఒకసారి వచ్చే సీరియల్ అయితే 26 వారాలు, వారానికి ఏడెనిమిది వందల మాటలు. రెండు మూడు వారాలకో మెట్టు. ముందు వారం మరచిపోయిన పిల్లల కోసం మొదట్లో రెండు వాక్యాలు చాలు.

మీ పేజీలో సమీక్షలు రాసేవాళ్లకు ఒక విన్నపం. ఇకమీదట ‘భయాన్ని జయించాడు’ అని రాసేముందు, ఆ పుస్తకంలో కథానాయకుడు ఎన్నో పేజీలో వెనక్కి పరుగెత్తాడో, మళ్లీ ఎన్నో పేజీలో వచ్చి నిలబడ్డాడో ఆ రెండు అంకెలు వెయ్యండి. అలాంటి పేజీలు లేకపోతే ఆ సంగతే రాయండి.

ఇట్లు,
పిల్లల పుస్తకాలు దిద్దే కొందరు ఎడిటర్లు